గది కాదు, బీరు ఎంత వేడిగా ఉందో చూడాలి

ఇంట్లో బీరు చేయడం మొదలుపెట్టాలనుకునే మనవాళ్లు నన్ను ముందుగా అడిగేది ఏ కిట్ కొనాలని. తర్వాత హాప్స్ (బీరుకు చేదు, వాసన ఇచ్చే పువ్వులు) గురించి అడుగుతారు, ఆ తర్వాత ఎంత పెద్ద స్టీలు గిన్నె కావాలని. పులిసే రోజుల్లో బీరును ఎంత చల్లగా ఉంచాలి, ఎలా ఉంచాలి అని మాత్రం దాదాపు ఎవరూ అడగరు. నా మటుకు నాకు అన్నిటికన్నా ముందు అడగాల్సిన ప్రశ్న అదే. మంచి మాల్ట్ (మొలకెత్తించిన బార్లీ), ఖరీదైన హాప్స్, మెరిసే గిన్నె అన్నీ ఉండి కూడా, పులిసే మొదటి మూడు రోజుల్లో బీరు వేడెక్కితే తర్వాత దాన్ని బాగుచేసే దారి లేదు.

నేనుండేది అమెరికాలో, టెక్సస్ రాష్ట్రంలో, డాలస్‌కు ఉత్తరాన. జూన్ నుంచి సెప్టెంబరు దాకా ఇక్కడ మధ్యాహ్నం 38, 40 డిగ్రీలు మామూలే. గుంటూరు ఎండల్లో పెరిగినవాణ్ణి కాబట్టి నాకది కొత్త కాదు. బీరు ఈస్ట్ మాత్రం ఇలాంటి ఎండల కోసం పుట్టింది కాదు. ఇక్కడ ఉష్ణోగ్రతలన్నీ ఫారన్‌హీట్‌లో చెప్పుకుంటారు గానీ, మనకు అలవాటైన సెల్సియస్‌లోనే రాస్తాను.

ముందు చట్టం సంగతి. అమెరికాలో సొంత వాడకానికి ఇంట్లో బీరు చేసుకోవడానికి 1978లో అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ సంతకం చేసిన చట్టంతో కేంద్రస్థాయిలో దారి తెరుచుకుంది. పెద్దవాళ్లు ఒక్కరే ఉన్న ఇంట్లో ఏడాదికి 100 గ్యాలన్లు, ఇద్దరు లేదా ఎక్కువమంది ఉంటే 200 గ్యాలన్లు చేసుకోవచ్చు. అమ్మకూడదు. మన తెలుగు రాష్ట్రాల్లో ఎక్సైజ్ లైసెన్సు లేకుండా ఇంట్లో మద్యం తయారుచేయడం నేరం. కాబట్టి ఇది ఇక్కడి అనుభవంగానే చదవండి.

నా మొదటి బీరు కిట్‌తోనే చేశాను. అమెరికన్ పేల్ ఏల్, 5 గ్యాలన్లు, అంటే 19 లీటర్లు. మొలకెత్తించిన బార్లీ నుంచి తీసిన చిక్కటి పాకాన్ని (ఎక్స్‌ట్రాక్ట్) నీళ్లలో కలిపి, హాప్స్ వేసి గంటసేపు మరిగించి, చల్లార్చి, ప్లాస్టిక్ బకెట్‌లో పోసి ఈస్ట్ చల్లాలి. మూత పెట్టి ఎయిర్‌లాక్ (లోపలి గ్యాస్‌ను నీళ్లలోంచి బయటికి పంపి, బయటి గాలిని రానివ్వని చిన్న గొట్టం) బిగిస్తే మనం చేసే పని అక్కడితో సరి. ఆ తీపి రసాన్ని వోర్ట్ అంటారు. మనం చేసేది వోర్ట్ మాత్రమే, దాన్ని బీరు చేసేది ఈస్ట్.

కిట్‌తో వచ్చిన కాగితంలో ఉష్ణోగ్రత గురించి ఒకే ఒక్క ముక్క ఉంది: "గది ఉష్ణోగ్రత దగ్గర, వెలుతురు పడని చోట ఉంచండి." మా ఇంట్లో ఏసీ 24 మీద ఉంటుంది. బట్టల అల్మారా గదిలో నేలమీద బకెట్ పెట్టాను. దానికి బయట అంటించే థర్మామీటర్ స్ట్రిప్ ఒకటి కిట్‌లోనే వచ్చింది. ఈస్ట్ వేసిన మర్నాడు సాయంత్రానికి ఎయిర్‌లాక్ ఆగకుండా బుడగలు కొడుతోంది, గది నిండా రొట్టెలాంటి కమ్మటి వాసన. స్ట్రిప్ మీద 28 వెలుగుతోంది. గదిలో 24 ఉంటే బకెట్ మీద 28 ఏమిటని అనుమానం వచ్చింది గానీ, కాగితంలో దానిగురించి ఏమీ లేదు.

సీసాల్లో నింపి, గ్యాస్ పట్టాక తాగి చూస్తే ఘాటు. హైడ్రోమీటర్ (రసంలో చక్కెర ఎంత ఉందో చూపే సాధనం) లెక్క ప్రకారం ఆల్కహాల్ 5 శాతమే. గొంతులో దిగుతుంటే మాత్రం అంతకు రెట్టింపు ఉన్నట్టు మంట. వాసనలో నెయిల్ పాలిష్ రిమూవర్ ఛాయ. ఆ సీసాలు కొన్ని మా ఊళ్లోని హోమ్‌బ్రూయర్ల క్లబ్బుకు పట్టుకెళ్లాను. అక్కడ నిజామాబాద్ నుంచి వచ్చిన ఒక అన్న ఉన్నాడు, ఎన్నో ఏళ్లుగా బీరు చేస్తున్నవాడు. ఒక్క గుక్క తాగి, గ్లాసు కింద పెట్టి అడిగాడు.

"ఎంతల పులియబెట్టినవ్?"

"గది 24లో ఉంది అన్నా."

"గది ఎంతుంటే నాకేంది తమ్మీ, బీరు ఎంతున్నదో చెప్పు."

28 అన్నాను. తలూపాడు. ఆ రోజు ఆయన చెప్పినవి, తర్వాత నేను చదివి, చేసి తెలుసుకున్నవి కలిపి చెప్తాను.

ఈస్ట్ చక్కెరను తిని ఆల్కహాల్, కార్బన్ డయాక్సైడ్ చేస్తుందని అందరికీ తెలుసు. ఆ పనిలో వేడి కూడా పుడుతుంది. మామూలు బలమున్న 19 లీటర్ల వోర్ట్ పూర్తిగా పులిసేసరికి పుట్టే వేడి, ఎటూ పోకుండా అందులోనే ఉండిపోతే, బీరు పది డిగ్రీలకు పైగా వేడెక్కుతుంది. బకెట్ గోడల నుంచి చాలావరకు బయటికి పోతుంది కాబట్టి అంత పెరగదు. అయినా పులియడం జోరుగా ఉన్నప్పుడు గదికన్నా బీరు మూడు నుంచి అయిదు డిగ్రీలు ఎక్కువ ఉండటం మామూలు విషయం. పైగా వేడెక్కే కొద్దీ ఈస్ట్ ఇంకా వేగంగా తింటుంది, ఇంకా వేడి పుట్టిస్తుంది. చెయ్యిదాటాక ఆపడం కష్టం.

దోసెల పిండి ఎండాకాలం పూటలో పొంగిపోయి పులిసిపోతుంది, చలికాలం ఇక్కడ మనవాళ్లు గిన్నెను ఓవెన్‌లో లైటు వేసి పెడితే గానీ పొంగదు. పులిసే దేనికైనా వేడి ఎంత ముఖ్యమో మనింట్లో అందరికీ తెలిసిందే. బీరుకు అదనంగా ఒక చిక్కుంది: వేగం ఒక్కటే కాదు, రుచే మారిపోతుంది. ఈస్ట్ మొదటి రెండు మూడు రోజుల్లో తన సంఖ్యను పెంచుకుంటుంది. ఆ పెరిగే దశలోనే ఎస్టర్లు, ఫ్యూసెల్ ఆల్కహాళ్లు ఎక్కువగా తయారవుతాయి. ఎస్టర్లు అంటే పళ్ల వాసనలు. ఐసోఅమైల్ ఎసిటేట్ అయితే అరటిపండు వాసన, ఇథైల్ ఎసిటేట్ మోతాదు మించితే నెయిల్ పాలిష్ రిమూవర్. గొంతులో మంట పుట్టించేవి ఫ్యూసెల్స్. ఈస్ట్ వేడిలో తొందరపడి పెరిగితే ఇవన్నీ ఎక్కువవుతాయి. సీసాలో నెలల తరబడి ఉంచినా ఫ్యూసెల్స్ మంట పోదు.

అందుకే మొదటి మూడు రోజులనే పట్టుకోవాలి. తర్వాత వేడెక్కినా అంత నష్టం లేదు. సరిగ్గా చెప్పాలంటే, చివర్లో కాస్త వేడెక్కడమే మంచిది. ఆ సంగతికి తర్వాత వస్తాను.

ఇంకో మాట కూడా అన్నే చెప్పాడు. ఈస్ట్ వేసే సమయానికి వోర్ట్ ఎంత ఉందన్నదే అసలు మొదలు. 27లో ఈస్ట్ వేసి, ఆ తర్వాత చల్లబరుద్దాం అనుకుంటే అప్పటికే అది పెరగడం మొదలుపెట్టేసి ఉంటుంది. పులియబెట్టాలనుకున్న వేడికన్నా ఒకటి రెండు డిగ్రీలు తక్కువలో ఈస్ట్ వేసి, మెల్లగా పైకి రానివ్వాలి. వినడానికి తేలిక. టెక్సస్ ఎండాకాలంలో కొళాయి నీళ్లే గోరువెచ్చగా వస్తాయి. మరిగిన వోర్ట్‌లో రాగి గొట్టం చుట్ట దింపి, లోపల చల్లనీళ్లు పారిస్తూ చల్లార్చడం మామూలు పద్ధతి. ఆ నీళ్లే వెచ్చగా ఉంటే వోర్ట్ 30 దగ్గర ఆగిపోతుంది. నేను రెండు పనులు చేస్తాను. 40 దాకా కొళాయి నీళ్లు పారించి, అక్కణ్ణుంచి చిన్న పంపుతో ఐసు నీళ్లు పారిస్తాను. అప్పటికీ 18కి రాకపోతే, శుభ్రం చేసిన బకెట్‌లో పోసి మూత బిగించి, చల్లని చోట ఉంచి కొన్ని గంటలాగి ఈస్ట్ వేస్తాను. శానిటైజర్‌తో అన్నీ సరిగ్గా కడిగి ఉంటే ఆ కొన్ని గంటల్లో ఏమీ కాదు. వేడి వోర్ట్‌లో తొందరపడి ఈస్ట్ వేయడం కన్నా ఇదే నయం.

తర్వాతి బీరుకు నేను వాడింది నీళ్ల టబ్బు. ఎవరైనా ఇక్కణ్ణుంచే మొదలుపెట్టవచ్చు, ఖర్చు దాదాపు లేదు. రెండు చేతులా పట్టుకునే పెద్ద ప్లాస్టిక్ టబ్బు తీసుకుని, అందులో బకెట్ పెట్టి, బీరు మట్టానికి సగం దాకా నీళ్లు పోయాలి. బకెట్‌కు పాత కాటన్ టీషర్టు తొడిగితే అది నీళ్లు పీల్చుకుని పైదాకా తడిగా ఉంటుంది. పక్కన చిన్న టేబుల్ ఫ్యాను. తడి ఆరుతున్నప్పుడు వేడిని తీసుకుపోతుంది. మన కూలర్ పనిచేసేదీ ఇలాగే. గాల్లో తేమ ఎక్కువ ఉంటే ఇది పెద్దగా పనిచేయదు, అందుకే ఏసీ నడిచే గదిలో పెట్టాలి. హ్యూస్టన్‌లో ఉండే మా స్నేహితుడు గరాజ్‌లో ప్రయత్నిస్తే ఒక్క డిగ్రీ కూడా సరిగ్గా తగ్గలేదు.

దానికి తోడు గడ్డ కట్టిన నీళ్ల సీసాలు. టబ్బులో 40 లీటర్ల నీళ్లు, బకెట్‌లో 19 లీటర్ల బీరు ఉన్నప్పుడు రెండు లీటర్ల ఐసు పూర్తిగా కరిగితే మొత్తం మీద రెండున్నర మూడు డిగ్రీలు తగ్గుతుంది. టబ్బు నీళ్లు వెంటనే చల్లబడతాయి, బీరు మాత్రం గంటలు తీసుకుంటుంది. అది తెలిస్తే కంగారుపడి సీసా మీద సీసా వేయం. ఉదయం ఆఫీసుకు వెళ్లేముందు ఒకటి, సాయంత్రం రాగానే ఒకటి, పడుకునేముందు ఇంకొకటి. గోంగూర ప్యాకెట్ల పక్కన, చేపల పక్కన ఫ్రీజర్ నిండా నీళ్ల సీసాలే. "ఏవండీ, కూరగాయలకు ఎక్కడుంది చోటు?" అని మా ఆవిడ అడిగిన మాట న్యాయమైనదే. ఆ మూడు నాలుగు రోజులు ఓపిక పట్టమన్నాను, పట్టింది.

ఆ బీరు 18, 19 మధ్యే పులిసింది. అదే కిట్, అదే ఈస్ట్. మంట లేదు. నారింజ తొక్కలాంటి హాప్స్ వాసన మొదటిసారి నాకు విడిగా తెలిసింది. అంతకుముందు ఆ వాసనంతా ఘాటు కిందే పడి ఉంది. ఆ గ్లాసు పట్టుకుని మా ఆవిడ దగ్గరికి పరిగెత్తుకెళ్లి వాసన చూపించాను. అంత సంతోషం వేసింది.

ఉష్ణోగ్రత రుచిని ఎంత మారుస్తుందో పక్కపక్కన పెట్టి చూడాలనిపించి, ఒకసారి జర్మనీలోని బవేరియా తరహా గోధుమ బీరు చేశాను. ఒకే గిన్నెలో వోర్ట్ కాచి, రెండు గాజు జార్లలో సగం సగం పోసి, ఒకే రకం ఈస్ట్ వేశాను. ఒకటి టబ్బులో 17 దగ్గర, ఇంకొకటి అల్మారా గదిలో 24 దగ్గర. గోధుమ బీరు ఈస్ట్ రెండు ముఖ్యమైన వాసనలు ఇస్తుంది: ఒకటి అరటిపండు, రెండోది లవంగం. లవంగం వాసన వచ్చేది 4-వినైల్ గ్వాయకాల్ అనే పదార్థం నుంచి. మాల్ట్‌లో ఉండే ఫెరూలిక్ ఆమ్లాన్ని ఈస్ట్ అలా మారుస్తుంది. వేడి పెరిగే కొద్దీ అరటి ముందుకు వచ్చి లవంగాన్ని కప్పేస్తుంది.

వారాంతంలో ఇంటికి వచ్చిన స్నేహితులకు ఏది ఏదో చెప్పకుండా రెండు గ్లాసులూ ఇచ్చాను. వెచ్చగా పులిసినదాన్ని వాసన చూడగానే ఒకతను "అరటిపండు! బాగా మాగిన చక్కెరకేళి" అన్నాడు. చల్లగా పులిసినదాంట్లో అరటి వెనక్కి తగ్గి, బిర్యానీ మసాలా డబ్బా మూత తీసినట్టు లవంగం పలికింది. ఒకే వోర్ట్, ఒకే ఈస్ట్ అని చెబితే నమ్మలేదు. ఎవరికి ఏది నచ్చిందన్నది వేరే విషయం. ఆ గదిలో సగంమందికి అరటిదే నచ్చింది. గోధుమ బీరులో అరటి తప్పు కాదు. కావాలని తెప్పించుకోవడం మన చేతిలో ఉండాలి, అంతే.

ఈ చల్లదనం గొడవ ఇవాళ్టిది కాదు. 1553లో బవేరియా పాలకుడు అయిదో ఆల్బ్రెక్ట్ ఏప్రిల్ 23 నుంచి సెప్టెంబరు 29 దాకా బీరు కాయడాన్నే నిషేధించాడు. ఎండాకాలం కాచిన బీరు చెడిపోయేది కాబట్టి. దాంతో అక్కడివాళ్లు చలికాలంలో కాచి, నేలమాళిగల్లో మంచుగడ్డల మధ్య దాచుకునేవారు. ఆ చలిలో నెగ్గుకొచ్చి, లాగర్ అనే చల్లగా పులిసే బీరును ఇచ్చే ఈస్టే లాగర్ ఈస్ట్. అది మామూలు ఏల్ (18, 20 డిగ్రీల దగ్గర పులిసే బీరు) ఈస్ట్‌కూ, చలికి తట్టుకునే ఒక అడవి ఈస్ట్‌కూ పుట్టిన సంకరం. ఆ అడవి ఈస్ట్‌ను దక్షిణ అమెరికాలోని పటగోనియా అడవుల్లో గుర్తించినట్టు 2011లో శాస్త్రవేత్తలు ప్రకటించారు. ఇక 1870లలో జర్మన్ ఇంజనీరు కార్ల్ ఫాన్ లిండె మ్యూనిక్‌లోని స్పాటెన్ బ్రూవరీలో తన శీతలీకరణ యంత్రాన్ని పెట్టాడు. మన ఇళ్లలోని ఫ్రిజ్‌కు దారితీసిన పనిలో బీరు పాత్ర ఇంత ఉందని తెలిసినప్పుడు నాకు గర్వంలాంటిది కలిగింది.

టబ్బుతో ఏల్స్ బాగానే వస్తాయి, లాగర్ రాదు. దానికి 10, 12 డిగ్రీలు కావాలి, అది కూడా రోజుల తరబడి. అందుకని ఎవరో వాడి అమ్మేస్తున్న చెస్ట్ ఫ్రీజర్, పైకి తలుపు తెరుచుకునే పెట్టెలాంటిది, కొని గరాజ్‌లో పెట్టాను. ఫ్రీజర్ తనంతట తాను సున్నాకు చాలా కిందికి వెళ్లిపోతుంది కాబట్టి మధ్యలో ఒక టెంపరేచర్ కంట్రోలర్ కావాలి. నేను వాడేది ఇంక్‌బర్డ్ కంపెనీది. దానికి రెండు ప్లగ్గులుంటాయి: ఒకదానికి ఫ్రీజర్, ఒకదానికి వేడిచేసే బెల్టు. తీగ చివర ఉన్న సెన్సర్ చెప్పే అంకెను బట్టి ఏది కావాలంటే దానికి కరెంటు ఇస్తుంది. గోడకు బిగించే మేస్త్రీ పనేమీ లేదు, నేరుగా ప్లగ్గులో పెట్టడమే.

ఇక్కడ నిలబడి చెప్పాల్సిన విషయం ఒకటుంది: సెన్సర్ ఎక్కడ పెట్టాలి? ఫ్రీజర్‌లో గాల్లో వేలాడదీస్తే అది గాలి వేడిని చదువుతుంది. గాలి ఇట్టే చల్లబడుతుంది, ఇట్టే వేడెక్కుతుంది. కంప్రెసర్ మాటిమాటికీ ఆన్, ఆఫ్ అవుతుంది, లోపల బీరు మాత్రం గాలికన్నా నాలుగు డిగ్రీలు ఎక్కువలో హాయిగా పులుస్తుంటుంది. మళ్లీ అదే గది ఉష్ణోగ్రత కథ, ఈసారి చిన్న గదిలో. సెన్సర్‌ను బకెట్ గోడకు, బీరు మట్టానికి బాగా కింద ఆనించి, పైన అరచేయంత మందపాటి ఫోమ్ ముక్క పెట్టి, టేపుతో గట్టిగా చుట్టాలి. అప్పుడది దాదాపు బీరు వేడినే చూపిస్తుంది. లోపలికి దింపే స్టీలు గొట్టం, థర్మోవెల్ అంటారు, ఉంటే ఇంకా మంచిది గానీ అది లేకపోయినా పని ఆగదు. నేను ఒకసారి రెండూ పెట్టి పోల్చాను, తేడా అర డిగ్రీ కూడా లేదు.

కంప్రెసర్‌కు విశ్రాంతి ఇచ్చే సెట్టింగు కూడా చూసుకోండి. ఒకసారి ఆగాక మళ్లీ వెంటనే ఆన్ అయితే కంప్రెసర్ పాడవుతుంది. కంట్రోలర్ మూడు నిమిషాల మీద వస్తే నేను దాన్ని పదికి పెంచాను. 19 లీటర్ల బీరు పది నిమిషాల్లో ఎటూ వెళ్లిపోదు. పెట్టిన అంకెకు బీరు ఎంత దూరం జరిగితే కంట్రోలర్ కదలాలో చెప్పే తేడా అర డిగ్రీ ఇచ్చాను. మరీ సన్నగా పెడితే చల్లార్చేదీ వేడిచేసేదీ ఒకదాని మీద ఒకటి పోట్లాడతాయి. ఇంకో సంగతి, ఆ పెట్టెలో తేమ చేరి బూజు పడుతుంది. మూత తీసినప్పుడల్లా తుడిచి, తేమ పీల్చే డబ్బా ఒకటి లోపల ఉంచాలి.

ఇప్పుడు చివర్లో వేడెక్కించే సంగతి. పులిసేటప్పుడు ఈస్ట్ డయాసిటైల్ అనే పదార్థానికి దారితీస్తుంది. వెన్న వాసన, సినిమాహాలు పాప్‌కార్న్ వాసన. ఈస్ట్‌కు సమయం, కాస్త వెచ్చదనం ఇస్తే దాన్ని మళ్లీ తనే తినేస్తుంది. లాగర్‌లో చలి వల్ల ఆ పని నెమ్మదిస్తుంది కాబట్టి, చక్కెర ముప్పాతిక వంతు అయిపోగానే 11 నుంచి 17, 18కి మెల్లగా పెంచి కొన్నాళ్లు ఉంచుతాను. అయిందో లేదో తేల్చుకోవడానికి ఒక చిన్న పరీక్ష ఉంది. కొంచెం బీరు తీసి రెండు గ్లాసుల్లో పోసి, ఒకదానికి ప్లాస్టిక్ కాగితం చుట్టి, వేడినీళ్లలో 60, 70 డిగ్రీల దగ్గర ఇరవై నిమిషాలు ఉంచి చల్లార్చాలి. తర్వాత రెండూ వాసన చూడాలి. కాచిన దాంట్లో వెన్న వాసన వస్తే ఈస్ట్ పని ఇంకా మిగిలి ఉన్నట్టు. రాకపోతే ఇక చల్లార్చి, ఒకటి రెండు డిగ్రీల్లో వారాల తరబడి పడుకోబెట్టవచ్చు. ఈ పరీక్ష చేయకుండా నేను ఏ లాగర్‌నీ చల్లార్చను. చల్లార్చేటప్పుడు లోపలి గాలి కుంచించుకుపోయి ఎయిర్‌లాక్‌లో నీళ్లను బీరులోకి లాగేస్తుంది, కాబట్టి ముందే ఎయిర్‌లాక్ తీసి మూతి మూసేయాలి.

ఏల్స్‌కు కూడా ఇదే పద్ధతి. మూడు రోజులు 18 మీద గట్టిగా పట్టి ఉంచి, నురగ దిగడం మొదలవగానే రోజుకు ఒక డిగ్రీ చొప్పున 21 దాకా పోనిస్తాను. చివర్లో చల్లబడితే ఈస్ట్ సగంలో పడుకుంటుంది, తీపి మిగిలిపోతుంది. అలా మిగిలిన చక్కెరతో సీసాల్లో నింపితే లోపల మళ్లీ పులిసి గ్యాస్ ఎక్కువై సీసాలు పగులుతాయి. ఇది ప్రమాదం, తేలిగ్గా తీసుకోకూడదు. హైడ్రోమీటర్ అంకె రెండు మూడు రోజులు కదలకుండా ఉంటేనే సీసాల్లో పోయాలి.

చలి వైపు నుంచి వచ్చిన పెద్ద పరీక్ష 2021 ఫిబ్రవరిలో. టెక్సస్ అంతటా మంచు తుపాను, కరెంటు కోత. ఇంట్లో పిల్లలకు దుప్పట్లు కప్పి, గ్యాస్ పొయ్యి మీద అన్నం వండుకుంటూ గడిపాం. బీరు గురించి ఆలోచించేంత తీరిక లేదు. గరాజ్‌లో ఫ్రీజర్‌లో ఒక ఏల్ సగం పులిసి ఉంది. కరెంటు లేకపోతే వేడి బెల్టూ లేదు. అయితే చెస్ట్ ఫ్రీజర్ చలిని లోపల ఉంచడానికి మందపాటి గోడలతో కట్టిన పెట్టె. అదే గోడలు బయటి చలిని కూడా ఆపాయి. మూత తీయకుండా వదిలేశాం. కరెంటు వచ్చాక చూస్తే బయట గరాజ్ గడ్డకట్టే దగ్గర ఉంటే, బీరు 13లో ఉంది. ఈస్ట్ నిద్రపోయింది గానీ చావలేదు. మెల్లగా 20కి తెచ్చి, బకెట్‌ను నురగ రాకుండా అటూ ఇటూ తిప్పి అడుగున పడిన ఈస్ట్‌ను కదిపితే పులియడం మళ్లీ అందుకుంది. ఆ బీరు రుచిలో లోపమేమీ కనపడలేదు, ఎందుకంటే మొదటి మూడు రోజులు కరెంటు ఉన్నప్పుడే గడిచిపోయాయి.

అపార్ట్‌మెంట్లలో ఉండేవాళ్లు, ఫ్రీజర్‌కు చోటు లేనివాళ్లు అడుగుతుంటారు, మాకేం దారి అని. నీళ్ల టబ్బు ఒక దారి. ఇంకోటి, ఈస్ట్‌నే మార్చుకోవడం. నార్వే పల్లెల్లో రైతులు తరతరాలుగా ఆరబెట్టి దాచుకున్న క్వైక్ అనే ఈస్ట్‌లున్నాయి. వాటిలో వాస్ రకం ఇప్పుడు పొడి ప్యాకెట్లలో దొరుకుతుంది. అది 35 నుంచి 40 డిగ్రీల మధ్య హాయిగా పనిచేస్తుంది, మంట పుట్టించదు, నారింజ వాసన ఇస్తుంది, కొద్ది రోజుల్లోనే పులియడం అయిపోతుంది. దానితో కష్టం అటువైపు నుంచి వస్తుంది. వేడి పడిపోతే నెమ్మదిస్తుంది కాబట్టి ఏసీ గదిలో పెడితే దుప్పటి చుట్టాల్సి వస్తుంది. ఈస్ట్‌కు పోషకాలు కూడా కొంచెం ఎక్కువ వేయాలి. అయితే క్వైక్‌తో చేసిన బీరు క్వైక్ బీరే. గోధుమ బీరు లవంగం గానీ, లాగర్ తేటదనం గానీ దానితో రావు. మొదటి బీరు దానితో చేసి ధైర్యం తెచ్చుకోండి, అక్కడే ఆగిపోకండి అని చెప్తాను.

డబ్బు విషయంలో నా అభిప్రాయం గట్టిది. పెద్ద గిన్నె, ధాన్యం మరపట్టే మిల్లు, కెగ్గులు (బీరు నింపే స్టీలు పీపాలు), కుళాయిలు అన్నీ తర్వాత. మొదట స్ట్రిప్ థర్మామీటర్, టబ్బు, సీసాలు. రెండో ఖర్చు పాత ఫ్రిజ్ లేదా ఫ్రీజర్, కంట్రోలర్. ఎక్స్‌ట్రాక్ట్ డబ్బాతో 18లో పులియబెట్టిన బీరు, ధాన్యం నుంచి కష్టపడి తీసి 27లో పులియబెట్టిన బీరుకన్నా ఎప్పుడూ బాగుంటుంది. నేను రెండూ తాగాను. ఒక నోటుపుస్తకం కూడా పెట్టుకోండి. ఈస్ట్ వేసినప్పుడు వోర్ట్ ఎంత, ఉదయం ఎంత, సాయంత్రం ఎంత, నురగ ఎప్పుడు లేచింది, ఎప్పుడు దిగింది, ఇంతే రాయండి. రుచి చూసే రోజున ఆ పేజీ పక్కన పెట్టుకుంటే ఏ వాసన ఎక్కణ్ణుంచి వచ్చిందో మీకే తెలుస్తుంది.

ఇప్పుడు జూలైలో మా గరాజ్‌లో రెండూ ఒకేసారి నడుస్తాయి. ఫ్రీజర్‌లో 11 దగ్గర లాగర్, దాని పక్కన దుప్పటి చుట్టిన బకెట్‌లో 37 దగ్గర క్వైక్. ఒకే గిన్నెలో కాచిన వోర్ట్‌ను రెండింటికీ పంచిన రోజులూ ఉన్నాయి. కొత్తగా నేర్చుకునేవాళ్లు ఎవరైనా దగ్గర్లో ఉంటే, క్వైక్ బకెట్ మీద స్ట్రిప్ చదివే పని ముందు వాళ్లకే ఇస్తాను.